నేను విప్పిన ఎర్త్ తీగ

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. "నేను చూడలేదు." అంతే. చూసి కూడా అలా అన్నాను. ఆ మాట అన్న రోజు నుంచీ నా బతుకు బాగుపడుతూ వచ్చింది. బతుకు బాగుపడిన కొద్దీ దాని బరువూ పెరిగింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఎదురుగా ఒక ముఖం ఉంటే ఆ ముఖంలో జాలి వెతుక్కుంటాను, జాలి కనబడగానే అక్కడితో ఆపేస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఇది ఇంతకుముందు రెండుసార్లు రాసి చింపేశాను. రెండుసార్లూ అందులో నేను మరీ మంచిదానిలా ఉన్నాను.

ఇందులో వచ్చే ఇద్దరి పేర్లు మార్చాను. అది వాళ్ల కోసం. నా పేరు అసలు రాయడం లేదు. అది ఎవరి కోసం? నా కోసమే. ఆ పిరికితనం ఇంకా మిగిలే ఉందని ముందే చెప్పేస్తున్నాను.

నాది మహారాష్ట్రలోని నాందేడ్. సౌండ్ ఇంజినీర్‌ని. ఆర్కెస్ట్రాలు, నాటకాలు, పెద్ద పెద్ద సభలు జరిగేటప్పుడు పాడేవాళ్లు మీకు కనిపిస్తారు. నేను కనిపించను. జనం వెనకాల ఒక చిన్న టెంటు కింద, వరసలు వరసలుగా మీటలున్న మిక్సర్ ముందు నిలబడి ఏ గొంతు ఎంత వినిపించాలో, ఏ వాద్యం ఎక్కడ తగ్గాలో చూసే మనిషిని. ఈ పనిలో మా జిల్లాలో నాకంటే ముందు ఆడవాళ్లెవరూ లేరని అంటారు. నిజమే కావచ్చు. నేను మాత్రం ఎవరినీ చూడలేదు.

పుట్టింది ధర్మాబాద్ అవతల గోదావరి పక్క ఊళ్లో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. మాకు భూమి లేదు. నాన్న కైకిలికి, అంటే కూలి పనికి, పోయేవాడు. అమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసేది. ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా ఆమె చేతులకు ఘాటు పోయేది కాదు. అందుకని నా తల ఎప్పుడూ దువ్వలేదు. దువ్వితే నా కళ్లు మండేవి. మా ఊరి గిర్నిలో పిండి ఆడిస్తుంటే మోటారు చప్పుడు విని, లోపల బేరింగు పోయిందని చెప్పానట ఒకసారి. అప్పుడు నాకు పదమూడేళ్లు. విప్పి చూస్తే నిజంగానే పోయి ఉంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది పోశెట్టి కాక ఒక్కడే.

పోశెట్టి కాక మాకు చుట్టం కాదు. ఊరి వరసకు కాక, అంటే బాబాయి. నాందేడ్‌లో సౌండు, లైట్లు కిరాయికిచ్చే ఒక కంపెనీలో కరెంటు పని చూసేవాడు. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ పూర్తి చేసి ఇంట్లో కూర్చుని ఉంటే, నన్ను తీసుకెళ్లి తన సేట్ ముందు నిలబెట్టాడు.

"మా ఊరి పిల్ల సేట్. దీని చెవు మస్తుంటది. ఒక్క నెల పెట్టుకొని సూడుండ్రి."

సేట్ నవ్వి, "ఈ పిల్ల స్పీకర్లు మోస్తదా?" అన్నాడు.

"మోసెటోళ్లు శానమంది ఉన్నరు. ఇనెటోళ్లే లేరు."

అలా చేరాను. మొదటి రెండేళ్లు తీగలు చుట్టాను, దుమ్ము తుడిచాను, వినడం నేర్చుకున్నాను. ఆ కాలంలో కాక నాకు చేసినవి చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. ఒక్కటి చెబుతాను. ఏ ఊళ్లో కార్యక్రమమైనా, సామాను దించకముందే చుట్టుపక్కల ఇళ్లలో ఏదో ఒక ఇంటి తలుపు కొట్టి, "మా బిడ్డ ఉన్నదమ్మా, దినమంతా ఈడనే ఉంటది, జర బాత్రూం సూపెట్టుండ్రి," అని అడిగి వచ్చేవాడు. నేను నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మగవాళ్ల మధ్య రోజంతా పనిచేసే ఆడవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

పని విషయంలో మాత్రం గట్టివాడు. ఆయన వైరు దూసే తీరు, రాగి పోగులను వేళ్లతో మెలిపెట్టే తీరు, స్క్రూ కింద పెట్టి బిగించి మళ్లీ ఒకసారి లాగి చూసే తీరు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ఎర్త్ తీగ దగ్గర మరీ పట్టింపు. కరెంటు ఎక్కడైనా దారి తప్పి మిషన్ రేకులోకి వస్తే దాన్ని నేలలోకి దించేసే తీగ అది. మామూలుగా చూస్తే దాంతో ఏ పనీ జరుగుతున్నట్టు కనిపించదు. తీసేసినా అన్నీ నడుస్తాయి. పైగా ఒక్కోసారి తీసేస్తేనే స్పీకర్లలో వచ్చే గుయ్యిమనే రొద ఆగిపోతుంది. చాలామంది సౌండు వాళ్లు ఆ పని చేస్తారు. కాక చేయనిచ్చేవాడు కాదు.

"అది తీసినవంటె కరెంటు మనిషిలకెల్లి దారి చేస్కుంటది బిడ్డా. పాట ఖరాబైనా మంచిదే, అది మాత్రం తియ్యకు."

కాబట్టి నాకు తెలియక చేశానని అనలేను. తెలుసు.

ఆ రోజు గణపతి పందిళ్ల కాలం. ఒక మండలి వాళ్లు, అంటే పందిరి పెట్టే కమిటీ, మైదానంలో ఆర్కెస్ట్రా పెట్టించారు. పొద్దున వాన పడి వెలిసింది. స్టేజి ప్లైవుడ్ చెక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ రోజు మిక్సర్ నా చేతికిచ్చాడు సేట్. మొదటిసారి. పైగా పుణెలో పెద్ద కంపెనీ నుంచి ఒకాయన నాలుగింటికి వచ్చి మా సౌండు వింటాడని చెప్పాడు. ఆయనకు మనుషులు కావాలట. ఆ మాట సేట్ అందరితో అన్నాడు కానీ నేను నాకోసమే అన్నట్టు విన్నాను.

మూడున్నరకు స్పీకర్లు పెట్టగానే రొద. సన్నగా, ఆగకుండా, పంటినొప్పిలాగా. స్టేజికి కరెంటు జనరేటర్ నుంచి వస్తోంది, నా మిక్సర్‌కు పక్క బిల్డింగ్ నుంచి వస్తోంది. రెండింటి ఎర్త్‌లు వేరు. ఆ రెండూ కలిసిన చోట రొద పుడుతుంది. సరిగా చేయాలంటే అంతా ఒకే లైను మీదికి తేవాలి. గంట పని. కాక డీజిల్ తేవడానికి క్యాన్ పట్టుకుని స్కూటర్ ఎక్కుతూ, "నేనచ్చినంక సూద్దాం. అందాక ఏం ముట్టకు," అన్నాడు.

నేను ఎదురు చూశాను. పావుగంట చూశాను. ఆయన రాలేదు. నాలుగు కావస్తోంది.

స్టేజి వెనక కాక బిగించిన కరెంటు పెట్టె ఉంది. మూత తీశాను. ఆకుపచ్చ తీగ. దాని స్క్రూ కదల్లేదు. ఒక చేత్తో కాలేదు. రెండు చేతులతో పట్టి, మణికట్టు నొప్పి పుట్టేదాకా తిప్పితే కదిలింది. కాక దాన్ని ఎంత గట్టిగా బిగించాడో ఈ లోకంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తీగ బయటికి లాగాను. రొద ఆగిపోయింది. మూత పెట్టేసి వచ్చాను.

పుణె ఆయన వచ్చాడు. ఒక పాట వేశాను. ఆయన మైదానం అంతా తిరిగి విని, నా దగ్గరికొచ్చి, "ఇది ఎవరు సెట్ చేశారు?" అని హిందీలో అడిగాడు. నేనే అన్నాను. "చిన్న ఊళ్లలో ఇంత శుభ్రమైన సౌండు వినలేదు. ఎక్కడా రొద లేదు," అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం... దాన్ని ఇప్పుడు ఏమని రాయను? సంతోషమే. అబద్ధం చెప్పను.

అప్పుడే దిగంబర్ దాదా స్టేజి ఎక్కాడు. మరాఠీలో దాదా అంటే అన్న. ఆయన బెంజో వాయించేవాడు. తీగలు మీటుతూ, ఎడమ చేత్తో టైపు మిషన్‌లాంటి మీటలు నొక్కుతూ వాయించే వాద్యం అది. మా వైపు ఏ ఊరేగింపైనా బెంజో లేకుండా కదలదు. ఆయన చెప్పులు కింద విప్పి, వాద్యానికి దండం పెట్టుకుని, తడి చెక్కల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. బెంజోను తన పాత యాంప్లిఫయర్‌కు కలుపుకున్నాడు.

ఎర్త్ తీసిన సంగతి నేను మర్చిపోలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మర్చిపోయి ఉంటే ఈ రాత వేరేలా ఉండేది. ఆయన చెప్పులు విప్పడం నేను చూశాను. వెళ్లి తీగ పెట్టాలనుకున్నాను. కానీ పెడితే మళ్లీ రొద వస్తుంది, పుణె ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క పాట అయ్యాక పెడదాం అనుకున్నాను. ఒక్క పాట. నాలుగు నిమిషాలు ఉంటుందేమో.

పాట మొదలు కాలేదు. ఆయన మైకు సరిచేసుకుందామని ఎడమ చేయి చాపి స్టాండు పట్టుకున్నాడు. కుడి చేయి బెంజో తీగల మీద ఉంది. స్పీకర్లలో ధన్‌మని మోగింది. ఆయన ఒళ్లు బిగుసుకుపోయింది. వదలాలని చూస్తున్నాడు, వదల్లేకపోతున్నాడు. నోరు తెరిచి ఉంది కానీ గొంతు రావడం లేదు. పాడే అమ్మాయి కేకలు పెట్టింది. నేను? నేను మిక్సర్ దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడే మైదానంలోకి వచ్చిన పోశెట్టి కాక డీజిల్ క్యాన్ అక్కడే పడేసి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాడు. దిగంబర్ దాదా వెనక్కి పడ్డాడు.

ఆయన బతికాడు. కాక రావడం ఇంకొంచెం ఆలస్యమై ఉంటే బతికేవాడు కాదని డాక్టర్లు చెప్పారు. ఎడమ అరచేయి కాలింది. చిటికెన వేలు, దాని పక్క వేలు తర్వాత మళ్లీ వంగలేదు. బెంజో మీటలు నొక్కే చేయి అది.

ఆసుపత్రికి తీసుకెళ్లాక సేట్ కరెంటు పెట్టె మూత తీశాడు. ఆకుపచ్చ తీగ ఊడి వేలాడుతోంది. ఆయన కాక వైపు చూశాడు. మండలి వాళ్లు కూడా చూశారు. కాక ఒకప్పుడు తాగేవాడు. మానేసి అప్పటికి ఆరేళ్లు దాటింది. నాకు తెలిసి ఒక్క చుక్క ముట్టలేదు. ఆ సాయంత్రం అందరికీ ఆ పాత తాగుడు ఒక్కసారిగా గుర్తొచ్చింది.

కాక ఆ తీగను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు, సేట్ ఉన్నాడు. కాక గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"బిడ్డా, పొద్దుగాల నేను పెట్టె బిగిచ్చేటప్పుడు నువ్వు పక్కకే ఉన్నవ్ గదా. ఎర్త్ తీగ బిగిచ్చిన్నా నేను?"

నేను కింద పడి ఉన్న వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"నాకైతె బిగిచ్చినట్టే యాదికున్నది. లాగి గూడ సూసినట్టున్నది. నువ్వు సూసినవా?"

"నేను సూడలె కాకా," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. అనుమానంగా చూశాడేమో, నన్ను పట్టేశాడేమో అని తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకుని వెతికాను. లేదు. ఆయన కళ్లలో ఉన్నది అనుమానమే, కానీ నా మీద కాదు. తన మీద. రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అయితె నేనే మర్సినట్టున్న," అన్నాడు.

అంతే జరిగింది. నేరమంటే ఏదో పెద్దగా, కావాలని, పథకం వేసి చేసేదని అనుకుంటాం. నాది ఇంతే. ఒకాయన తన జ్ఞాపకానికి సాక్ష్యం అడిగాడు. నా దగ్గర ఉంది. నేను ఇవ్వలేదు.

సేట్ మరునాడే కాకను రావద్దన్నాడు. ఇంకో కంపెనీ కూడా పిలవలేదు. నాందేడ్ చిన్న ఊరు, ఈ పనిలో అందరికీ అందరూ తెలుసు. ఆయన భార్యను తీసుకుని ముద్‌ఖేడ్ వెళ్లిపోయాడు, వాళ్ల అత్తగారి వైపు. నాకు మూడు వారాలకు పుణె నుంచి ఫోన్ వచ్చింది. "ఆ రోజు కరెంటు మనిషి నిర్లక్ష్యానికి నీ పని పాడైపోయింది పాపం, కానీ నీ చెవి నేను మర్చిపోలేదు," అన్నాడాయన.

వెళ్లాను. ఎందుకు వెళ్లానని ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. చాలా ఏళ్లు దాన్ని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ పనిలో ఉన్న ఒక్క ఆడపిల్లను నేను. తప్పు చేశానని ఒప్పుకుంటే, ఒక మనిషి చేయి పోగొట్టిందని పేరొస్తే, ఆ ఊళ్లో ఇంకో ఆడపిల్లను మిక్సర్ దగ్గరికి రానిస్తారా? మగవాడు చేస్తే అది వాడి తప్పు, నేను చేస్తే ఆడవాళ్లందరి తప్పు అవుతుంది కదా? ఇందులో అబద్ధం లేదు. ఇప్పటికీ అది నిజమే. కానీ "సూడలె కాకా" అన్న క్షణంలో నా తలలో ఆ ఆలోచన ఉందా? లేదు. అప్పుడు ఉన్నది పుణె ఒక్కటే. ఈ ఆడపిల్లల మాట నాకు ఆర్నెల్ల తర్వాత, హాస్టల్ గదిలో అన్నం సయించక కూర్చున్న ఒక మధ్యాహ్నం తట్టింది. తట్టగానే ఎంత ఊరట కలిగిందో! ఒక నిజాన్ని తెచ్చి నా అబద్ధం మీద కప్పుకున్నాను.

పుణెలో బాగా నేర్చుకున్నాను. పెద్ద స్టేజీలు చేశాను, సినిమా హాళ్లలో స్పీకర్లు సరిచేశాను, ఊరూరా తిరిగే నాటక కంపెనీలతో తిరిగాను. ఏ స్టేజి ఎక్కినా ముందు ఎర్త్ చూసేదాన్ని. నేను చూడందే ఎవరినీ మైకు ముట్టనిచ్చేదాన్ని కాదు. గాయకుడు ఎంత పెద్దవాడైనా ఆగాల్సిందే. నన్ను చాటుగా "ఎర్త్ మేడం" అనేవాళ్లు, తర్వాత గౌరవంగా అనడం మొదలుపెట్టారు. నాలుగేళ్ల కింద నాందేడ్‌కు తిరిగొచ్చి సొంతంగా పని మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఆరుగురు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఇద్దరికి నాకంటే మంచి చెవి ఉంది.

దిగంబర్ దాదాను ఈ ఊళ్లో దూరం నుంచి చూసేదాన్ని. పక్క గల్లీలోంచి పోయేదాన్ని.

పోయిన మార్చిలో మహిళా దినోత్సవానికి ఒక కాలేజీ వాళ్లు సన్మానం చేశారు. శాలువా కప్పి, మీ గురువు ఎవరని అడిగారు. పోశెట్టి కాక పేరు చెప్పాను. ఎర్త్ గురించి ఆయన అన్న మాట కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పేరు చెప్పి ఏదో చెల్లించేశానని ఆ సాయంత్రం తృప్తిగా ఉన్నాను. ఎంత సిగ్గుమాలిన తృప్తి! మరాఠీ పేపర్లో వచ్చింది. రెండు రోజులకు చిన్నమ్మ, అంటే కాక భార్య, ఎవరి దగ్గరో నంబరు పట్టి ఫోన్ చేసింది.

"నీ కాక ఆ పేపర్ సదివి ఏడిసిండు బిడ్డా. ఒగని చెయ్యి ఖరాబ్ చేసినోన్ని, నా పేరు గా పిల్ల అంతమందిల ఎట్ల చెప్పింది, ఎంత మంచి మనసు దానిది అని."

ఆ మాట విన్నాక ఇక ఉండలేకపోయాను. ఇంకో మూడు వారాలు ఉన్నాను, అది వేరే సంగతి. తర్వాత ఒక ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి ముద్‌ఖేడ్ వెళ్లాను.

చిన్న రేకుల ఇల్లు. కాక చిక్కిపోయాడు. ఒక తోటలో కాపలా పని చేస్తున్నాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్ద అధికారి వచ్చినట్టు. అది చూడలేకపోయాను. లోపల ఉడుకగా ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజు పోయిందని, పక్క వీధి నుంచి మనిషి వచ్చి వేస్తాడని చిన్నమ్మ చెప్పింది. నేను కాక వైపు చూశాను. గణపతి మండపాలకు మండపాలే వెలిగించిన మనిషి.

"ఆయన ముట్టడు," అంది చిన్నమ్మ. "పన్నెండేండ్లయింది. బల్బు గూడ మార్సడు. నా చేతులు మర్సిపోతయి అంటడు."

ఆయన ఉద్యోగం పోయిందని నాకు తెలుసు. పేరు పోయిందని తెలుసు. ఇది తెలియదు. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశానని ఆ ఉడుకలో కూర్చున్నప్పుడు తెలిసింది.

చెప్పాను. చాయ్ తాగకముందే చెప్పాను, తాగితే చెప్పలేనని. రొద వచ్చింది, నువ్వు డీజిల్‌కు పోయినవ్, స్క్రూ నేను విప్పిన, రెండు చేతులు పెట్టి విప్పిన, అంత గట్టిగ ఉండె కాకా. ఇట్లా ముక్కలు ముక్కలుగా. చిన్నమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కాక కిందికి చూస్తూ ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా తల మీద చేయి పెడతాడని కూడా ఒక మూల అనుకున్నాను.

కాక తల ఎత్తాడు.

"గా బెంజో ఆయనకు చెప్పినవా?"

"లేదు కాకా. ముందు నీ దగ్గర్కే అచ్చిన."

"నా దగ్గర్కి ముందెందుకచ్చినవ్?" అన్నాడు. "చెయ్యి పోయింది ఆయనది గదా."

పన్నెండేళ్లు నేను కుమిలింది కాక గురించే. కాక నావాడు కాబట్టి. దిగంబర్ దాదా నా లెక్కలో ఒక ప్రమాదం మాత్రమే, మనిషి కాదు. పక్క గల్లీలోంచి తప్పుకుపోవాల్సిన ఒక ముఖం. నా పశ్చాత్తాపం కూడా నా ఇష్టాయిష్టాలను బట్టే నడిచింది. అది నేను కనిపెట్టలేదు, కాక చూపించాడు.

ఆయన లేచాడు. "తప్పు నాదే అనుకొని బతుకుడు నేర్సుకున్న. ఇప్పుడు కాదంటున్నవ్. ఏం జేయాల్నో నాకు సమజైతలేదు. నువ్వు పో బిడ్డా," అని వెనక వాకిట్లోకి వెళ్లిపోయాడు. బిడ్డా అన్నాడు. దాన్ని పట్టుకుని వేలాడకూడదని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది అలవాటు కొద్దీ వచ్చిన మాట కావచ్చు.

తిరిగి నాందేడ్‌లో దిగి ఇంటికి పోలేదు. పోతే మళ్లీ మూడు వారాలు అవుతాయి. దిగంబర్ దాదాకు పూలహారాల దుకాణం ఉంది. హారాలు ఆయన భార్య కడుతుంది, ఆయన తీసి ఇస్తాడు. మధ్యాహ్నం రెండు దాటింది, ఎండకు బజారు ఖాళీగా ఉంది. ఆ స్టేజి దగ్గర మిక్సర్ మీద ఉన్న అమ్మాయిని నేనే అని చెప్పుకున్నాను. ఆయన గుర్తుపట్టి, కూర్చోమని స్టూలు జరిపాడు. కూర్చోలేదు. నిలబడే మరాఠీలో మొత్తం చెప్పాను. ఆయన చెప్పులు విప్పడం చూశానని కూడా చెప్పాను.

ఆయన అరవలేదు. ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో ఆ వంగని వేళ్లను పట్టుకుని కూర్చున్నాడు. భార్య హారం కట్టడం ఆపేసింది.

"ఆ పోశెట్టిని నేను రోజూ తిట్టుకున్నాను," అన్నాడు. "పొద్దున దేవుడి ముందు నిలబడినప్పుడల్లా. వాడి చేతులు పడిపోవాలని మొక్కుకున్నాను. నన్ను కాపాడిన మనిషిని, తాయీ. ఆతా మీ కాయ్ కరూ? ఇప్పుడు నేనేం చేయాలి? ఆ మొక్కులన్నీ ఎక్కడికి పోయి వెనక్కి తీసుకోవాలి?"

ఎవరో హారం కొనడానికి వచ్చారు. ఆయన లేచి, రెండు హారాలు తీసి చూపించాడు. నా వైపు మళ్లీ చూడలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

క్షమించమని అడగలేదా అంటారు మీరు. ఇద్దరినీ అడగలేదు. అడిగితే వాళ్లు అవునో కాదో చెప్పాల్సి వస్తుంది, ఆ పని కూడా వాళ్ల మీద పెట్టినట్టవుతుంది. సేట్‌కు ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడెందుకు తల్లీ పాతవన్నీ," అన్నాడు. పుణె ఆయనకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలను కూర్చోబెట్టి చెప్పాను. ఒకమ్మాయి మరునాటి నుంచి రావడం మానేసింది. ఆమె తప్పు చేసిందని నేను అనుకోవడం లేదు. మిగిలిన వాళ్లు నన్ను మునుపటిలా చూడటం లేదు. చిన్నమ్మ ఒకసారి ఫోన్ చేసింది. ముద్‌ఖేడ్‌లో ఎవరో దిగంబర్ అనే మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కాకతో వాకిట్లో చాలాసేపు కూర్చుని పోయాడని చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. అది నాకు సంబంధించిన మాట కాదు.

నాకు తేలికైందా? అయిందనే చెప్పాలి, కొద్దిగా. దానికి కూడా సిగ్గుపడుతున్నాను. నా బరువు దిగింది కానీ అది మాయమైపోలేదు, ఆ ఇద్దరి మీదికి కొంత వెళ్లింది. అయినా చెప్పకుండా ఉండటం మంచిదని మాత్రం ఇక అనుకోలేను.

మొన్న ఒక నాటకానికి స్టేజి కడుతుంటే లైట్ల దగ్గర కొత్తగా చేరిన మనిషి, "ఎర్త్ ఇన్నిసార్లు ఎందుకు చూస్తారు మేడం? ఏమైంది?" అని ఊరికే అడిగాడు. ఇన్నేళ్లు ఈ ప్రశ్నకు మా గురువు నేర్పాడని చెప్పేదాన్ని.

"ఒకసారి నేనే తీసేశాను," అన్నాను. "ఒకాయన చేయి పోయింది. ఆ తప్పు ఇంకో మనిషి మీద పడితే చూస్తూ ఊరుకున్నాను."

అతను నా వైపు చూశాడు. చేతిలో ఉన్న లైటును కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. నేను తల దించుకోలేదు. తర్వాత ఇద్దరం పనిలో పడ్డాం.